గోడవైపు తిప్పిన టేబుల్

మా కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లందరూ మిషన్ల వైపు ముఖం పెట్టి కూర్చుంటారు. ఎవరు తలెత్తారు, ఎవరు పక్కదానితో గుసగుసలాడుతున్నారు, ఎవరి మిషన్ ఆగింది అని చూడడానికే కదా ఆ కుర్చీ వేసింది. మా లైన్‌లో మాత్రం సూపర్‌వైజర్ టేబుల్ గోడకు ఆనించి ఉంటుంది. ఆవిడ మాకు వీపు చూపించి కూర్చుంటుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు ఆ వీపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. "ఈవిడకి మన ముఖాలు నచ్చలేదా ఆంటీ?" అని నన్నడుగుతారు. ఆంటీ అన్నందుకు ముందు నాలుగు వడ్డించి, తరవాత సంగతి చెబుతాను. చెప్పాక మళ్ళీ నవ్విన పిల్ల ఇంతవరకు లేదు.

ఆవిడను పేరుతో పిలిచేవాళ్ళు ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. అందరికీ బిళ్ళక్క. నాకంటే చిన్నదే, నన్ను వదినా అంటుంది, అయినా నలుగురితో పాటు నా నోటికీ బిళ్ళక్క అనే వస్తుంది. ఆ పేరు మొదట ముద్దుగా పుట్టింది. మధ్యలో భయంగా మారింది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే ఆవిడ తల కాస్త దించుకుంటుంది. మానెయ్యమని మాత్రం ఎవరితోనూ అనలేదు. నేను మానేద్దామని చూస్తే, "ఉండనీ వదినా, నాకది ఉండాలి" అంది.

బిళ్ళక్కకి ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఆ ఇంటి మనిషైపోయాడు. పెంచి పెద్దచేసింది మేనత్త. లాండ్రీ షాపు వెనక రెండు గదులు, పెరటివైపు మరుగుదొడ్డీ నీళ్ళగదీ, గోడ అవతల నుంచి పొద్దస్తమానం ఇస్త్రీ ఆవిరి వాసన, అదీ ఆ ఇల్లు. అత్త పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "ఈ పిల్లకి జడ వెయ్యడానికే తెల్లారిపోయేది, ఇంకా మొగుడెక్కడ" అని నవ్వేసేది.

అత్త మా లైన్‌లోనే కాలర్లు కుట్టేది. చొక్కాలో అన్నిటికన్నా పెడసరం పని అదే. చెయ్యి అటూ ఇటూ అయిందంటే చొక్కా మొత్తం ఏడుపు ముఖం పెడుతుంది. అత్త చేతిలో కాలర్ ఒక్కటి కూడా వెనక్కి వచ్చింది లేదు. నేను ఆవిడ వెనక మిషన్ మీద చొక్కా చేతులు అతికిస్తాను. ఏళ్ళ తరబడి నా కళ్ళముందు కనిపించింది ఆవిడ ముడీ, మెడా, మిషన్ మీదికి వంగిన భుజాలూ. మేనకోడలికి అత్త గనక లైన్ అందరికీ అత్తే అయింది.

పిల్ల పెద్దదవుతూనే అత్త చెయ్యి పట్టుకుని ఫ్యాక్టరీకొచ్చింది. మొదట దారాలు కత్తిరించింది, తరవాత కాజాలు, ఆ తరవాత కఫ్‌లు. పని కన్నా నోరు ముందు నేర్చుకుంది. భోజనాల వేళ ఫ్లోర్ మేనేజర్ నడకా, దగ్గూ, "ఏమ్మా, ఇది పార్కా?" అనే గొంతూ అచ్చు గుద్దినట్టు దింపేది. మేం డబ్బాలు వదిలేసి పొట్టలు పట్టుకునేవాళ్ళం. అత్త మాత్రం "ఏదో ఒకరోజు ఆయన వెనకాలే ఉంటాడే, అప్పుడుంటుంది నీ పెళ్ళి" అని గదమాయించేది.

అప్పట్లో మా సూపర్‌వైజర్ మీసాలాయన. మా లైన్‌కంతటికీ ఒకటే మరుగుదొడ్డి, చివర మెట్ల పక్కన. వెళ్ళాలంటే ఆయన్ని అడిగి వెళ్ళాలి. మిషన్ల రొదలో మెల్లగా అడిగితే వినబడదు. గట్టిగా అడిగితే లైనంతా వింటుంది. ఆయనకి అదే సరదా. చెవికి చెయ్యి ఆనించి, "ఏంటమ్మా? ఎక్కడికీ? మళ్ళీనా? పొద్దున్నే కదా వెళ్ళొచ్చావ్" అనేవాడు. అంటూ పక్క లైన్ ఆయన వైపు చూసి కన్నుగీటేవాడు. పాడు ముఖం. ఆ ప్రశ్నలకి జడిసి సగంమంది నీళ్ళు తాగడమే మానేశారు. ఒంట్లో మంట, కడుపులో పోటు, వాటి గురించి మాలో మేం కూడా పైకి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఈ పిల్ల మొదటిసారి అడిగి, ఏడుస్తూ వెనక్కొచ్చి కూర్చుంది. రెండోసారి స్టూలెక్కింది. ఫ్లోర్ మొత్తం వినబడేట్టు, "ఒంటేలుకి సార్! రెండేలు కూడా కావచ్చు, వెళ్ళొచ్చాక చెబుతాను!" అని కేకేసింది. మీసాలాయన ముఖం కందగడ్డ అయిపోయింది. మేం నవ్వలేక చచ్చాం. పిల్ల మాత్రం నవ్వలేదు. అత్తతో ఒక్కటే అంది: "నా ఒంటి సంగతి నేను ఆయన్నెందుకు అడగాలత్తా?"

అలా అని ఊరుకోలేదు. కటింగ్ సెక్షన్‌లో కట్టలకి కట్టే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి పాతది తెచ్చింది. మరుగుదొడ్డి తలుపు పక్కన గోడకి మేకు కొట్టి దానికి తగిలించింది. బిళ్ళ మేకుకుంటే లోపల ఎవరూ లేనట్టు. తీసుకుని వెళ్ళడం, వచ్చి తగిలించడం. బిళ్ళ లేకపోతే ఇంకొకరు ఉన్నట్టు, కాసేపాగి వెళ్ళడం. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. మీసాలాయన చిందులు తొక్కాడు గానీ, అడగడం చెప్పడం పోయి మిషన్లు ఆగడం తగ్గిందని ఫ్లోర్ మేనేజర్‌కి నచ్చింది. ఆరోజు భోజనాల దగ్గర అందరం ఆ పిల్లని బిళ్ళక్కా బిళ్ళక్కా అని పిలిచి ఏడిపించాం. మళ్ళీ కడుపారా నీళ్ళు తాగడం మొదలుపెట్టాం. ఆ సుఖం ఏమిటో అది లేనివాళ్ళకే తెలుస్తుంది.

మీసాలాయన రిటైరయ్యాక ఆ కుర్చీ బిళ్ళక్కకే ఇచ్చారు. అత్త ఆరోజు ముసిముసిగా నవ్వుతూనే ఉంది. "నీ కింద పనిచెయ్యడానికి నాకేం నామోషీ లేదు గానీ, నా కాలర్‌కి వంక పెట్టావంటే ఇంట్లో అన్నం పెట్టను" అంది. "సూపర్‌వైజర్‌తో అలాగేనా మాట్లాడేది?" అని బిళ్ళక్క మేనేజర్ గొంతుతో దగ్గి చూపించింది.

ఇక్కడిదాకా చెప్పడం నాకు హాయిగా ఉంటుంది. తరవాతది చెప్పాలంటే అలా ఉండదు.

ఒక్కరోజులో ఏదీ మారలేదు. మారి ఉంటే మేమే గోల చేసేవాళ్ళం. ఎవరో పిల్ల బిళ్ళ పట్టుకెళ్ళి లోపల ఫోన్లో ముచ్చట్లాడుతోందని ఫిర్యాదొచ్చింది. "మేకు నీ టేబుల్ పక్కకి మార్చుకోమ్మా, ఎవరు వెళ్తున్నారో నీ కంట పడితే చాలు" అన్నాడు మేనేజర్. సబబుగానే ఉంది కదా, మార్చింది. కొన్నాళ్ళకి బిళ్ళ కనబడకుండా పోయి పెద్ద రభసైంది. దొరికాక దాన్ని సొరుగులో పెట్టింది. సొరుగులోది తీసుకోవాలంటే అడగాలి మరి. సరుకు ఓడకెక్కే సీజన్ వచ్చింది. ఊపిరాడని టార్గెట్లు, మీద పడి అరిచే మేనేజర్. బిళ్ళ సొరుగులోంచి ఆవిడ కోటు జేబులోకి వెళ్ళింది. ఒకరోజు బొత్తాలు కుట్టే పిల్ల వచ్చి నిలబడితే, "ఇప్పుడే కదే వెళ్ళొచ్చావు?" అనేసింది. ఆ మాట అచ్చం మీసాలాయన మాట. బొత్తాల పిల్ల నా దగ్గరకొచ్చి, "ఆయనే నయం వదినా, ఆయనకి సిగ్గులేదని మనకి ముందే తెలుసు" అంది. నేను నోరు మూసుకోమన్నాను.

అప్పటికి అత్త జుట్టు నెరిసింది. కాలర్ చెయ్యి అలాగే ఉంది గానీ ఒళ్ళు మాట వినడం మానేసింది. ఇంట్లో ఆవిడ తడవతడవకీ పెరట్లోకి వెళ్ళొస్తుందని బిళ్ళక్కకి తెలుసు. ఇంట్లో తెలిసిన సంగతి ఫ్యాక్టరీ గేటు దాటగానే తెలియనట్టయిపోయేది. అత్త కూడా ఆ తేడా పాటించేది. మిషన్ దగ్గర ఎప్పుడూ నోరు విప్పి అడిగేది కాదు. చిటికెనవేలు కొంచెం పైకెత్తి చూపించేది, అంతే.

మా చొక్కాలు కొనే పెద్ద కంపెనీవాళ్ళ తరఫున మనుషులొస్తున్నారని ఒకరోజు పొద్దున్నే హడావుడి. మమ్మల్ని బాగా చూసుకుంటున్నారా లేదా అని చూడడానికట. గోడకి కొత్త బోర్డు తగిలించారు, పైన ఎర్రక్షరాలతో 'మీ హక్కులు' అని. మేనేజర్ లైన్ లైన్‌కీ వచ్చి చెప్పాడు: "వాళ్ళు ఫ్లోర్ మీద ఉన్నంతసేపు ఒక్కరు కూడా సీట్లోంచి కదలకూడదు. ఖాళీ మిషన్ కనబడిందంటే నా ఉద్యోగం, మీ లైనూ రెండూ పోతాయి." బిళ్ళక్క తలూపింది. మా హక్కులు చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం మేం కుర్చీలకి అతుక్కుని కూర్చోవాలన్నమాట. ఇందులో ఎవరికీ వింత కనబడలేదు, నాకూ అప్పుడు కనబడలేదు.

వచ్చినవాళ్ళు ప్రతి మిషన్ దగ్గరా ఆగి ఆగి వస్తున్నారు. అత్త చిటికెనవేలు లేపింది. బిళ్ళక్క అరచెయ్యి చూపించింది, ఆగమని. కాసేపటికి అత్త తలెత్తి చూసింది. బిళ్ళక్క కళ్ళతోనే కాదంది. ఇంకాసేపటికి అత్త కుర్చీ వెనక్కి జరగడం నేను చూశాను, సగం లేచింది. బిళ్ళక్క గబగబా దగ్గరకొచ్చి, భుజం మీద చెయ్యేసి నొక్కి, "పక్క లైన్‌లోనే ఉన్నారత్తా, వాళ్ళు దాటిపోనీ, ఒక్క చిటిక" అని చెవిలో అంది. అత్త కూర్చుంది. నా కళ్ళముందున్న మెడ నిండా చెమట.

ఆ వచ్చినవాళ్ళలో ఒక మేడం ఉంది. మంచి మనిషే, పాపం. అత్త కాలర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి మెచ్చుకుంది. తరవాత వంగి ఎంతో మర్యాదగా అడిగింది: "ఇక్కడ మీకు ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా? భయపడకుండా చెప్పండి."

అత్త మేనకోడలి వైపు చూసింది. "ఏమీ లేదమ్మా. అంతా బాగుంది" అంది. అంటుండగానే కుర్చీ కింద సిమెంటు మీద తడి పారడం మొదలైంది. మేడం చెప్పు పక్కనుంచి మెల్లగా సాగింది. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"నీళ్ళ సీసా ఒలికింది మేడం" అంది బిళ్ళక్క.

"అవునమ్మా, నేనే ఒలకబోశాను, చూసుకోలేదు" అంది అత్త. ఆవిడ మిషన్ మీద నీళ్ళ సీసా లేదు. మిషన్ల మీద సీసాలు పెట్టనివ్వరని మేడంకి తెలియదు గానీ మా అందరికీ తెలుసు. లైన్‌లో ఒక్క మిషన్ కూడా ఆగలేదు. అందరం తలలు దించుకుని కుడుతూనే ఉన్నాం. అత్త కూడా ఆ తడిలోనే కూర్చుని చేతిలో కాలర్ చివరిదాకా కుట్టింది. కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

వాళ్ళు మెట్లు దిగాక బిళ్ళక్క కటింగ్ గదిలోంచి పెద్ద గుడ్డ తెచ్చి అత్త నడుముకి చుట్టింది, చెయ్యి పట్టుకుని మరుగుదొడ్డిలోకి తీసుకెళ్ళింది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను, ఇంకెవరూ రాకుండా. బిళ్ళక్క ఎంత కట్టినా ముడి పడడం లేదు. అత్తే ఆ ముడి వేసుకుంది. వేసుకుంటూ, చాలా మెల్లగా, తప్పు చేసిన చిన్నపిల్లలాగా అంది: "ఆపుకుందామనే చూశానమ్మా. ఏమనుకోకు. వాళ్ళ ముందర నీకేం మాట రాలేదు కదా?"

బిళ్ళక్క గోడకి చేరబడి అలాగే కిందికి జారిపోయింది. తిట్టినా, కొట్టినా నిలబడేదేమో.

మర్నాడు భోజనాల వేళ డబ్బా మూత కూడా తియ్యకుండా నా పక్కన కూర్చుంది. "వదినా, నిన్న సాయంత్రం ఇంట్లో అత్త కూర తరుగుతోంది. తరుగుతూ తరుగుతూ ఆగి, నా వంక చూసి, 'వెళ్ళి రానా అమ్మా?' అంది. షాపుకేమో అనుకుని, ఎక్కడికత్తా అన్నాను. గడ్డంతో పెరటివైపు చూపించింది."

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక నా డబ్బాకి మూత పెట్టేశాను.

"ఎత్తిపొడుస్తోందేమో అనుకున్నాను. ఎత్తిపొడిస్తే ఎంత బాగుండేది వదినా! కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. ఆవిడ నిజంగానే అడిగింది. అడిగానని ఆవిడకే తెలియదు. నన్నెత్తుకుని పెంచిన ఇంట్లో, ఆవిడ ఇంట్లో, నన్ను..." అని ఇంక చెప్పలేకపోయింది.

ఆ మధ్యాహ్నమే మేనేజర్ గదికి వెళ్ళింది. బిళ్ళ తీసి ఆయన టేబుల్ మీద పెట్టి, మేకు మళ్ళీ తలుపు దగ్గరే కొడతానంది. ఏం జరిగిందని నాకు తరవాత పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన మరీ రాక్షసుడేం కాదు, కూర్చోబెట్టి మాట్లాడాడు.

"ఎవర్నీ వెళ్ళొద్దని మనం అనలేదు కదమ్మా. అడిగితే ఇస్తున్నాం కదా."

"ఎందుకడగాలి సార్?"

"కంపెనీ టైంలో వెళ్తున్నారు గనక. హక్కులు ఇచ్చాం, బోర్డు కూడా పెట్టాం. ఇచ్చినదానికి ఒక పద్ధతుంటుంది."

"కంపెనీ పెట్టకముందు నుంచీ అత్తకి ఆ అవసరం ఉంది కదా సార్. మీరు ఇచ్చిందెలా అవుతుంది?"

"అవసరం వేరు, హక్కు వేరు. ఆకలి కూడా పుట్టుకతో వచ్చిందే. ఆకలేసిందని పక్కవాళ్ళ డబ్బా లాక్కుని తింటామా?"

సరే, లైన్ టార్గెట్ తగ్గనంతవరకూ మేకు ఎక్కడైనా కొట్టుకో, తగ్గితే మాత్రం నిన్నే అడుగుతాను అని పంపించేశాడు. బిళ్ళ తిరిగొచ్చింది. ఆ ప్రశ్న మాత్రం ఆవిడని పీక్కుతింది. అవసరమున్నంత మాత్రాన హక్కు కాకపోతే మరింకేది హక్కు? ఎవరిచ్చారు? మర్నాడు భోజనాల దగ్గర మా మీద పడింది. నేను దేవుడన్నాను, పని తేలిగ్గా అయిపోతుందని. బొత్తాల పిల్ల చట్టమంది.

"రేపు చట్టం మార్చేస్తే? మొన్న అత్తని కూర్చోబెట్టింది తప్పు కాకుండా పోతుందా?" అంది బిళ్ళక్క.

"అప్పుడూ తప్పే" అంది బొత్తాల పిల్ల, కొంచెం ఆలోచించి.

"మరి తప్పని నీకెవరు చెప్పారు?"

బిళ్ళక్క చేతిలోని బిళ్ళని అటూ ఇటూ తిప్పుతూ మాట్లాడింది, మాతో కాదు, దానితో. "నా దగ్గరున్నది నీకు పెట్టలేదనుకో, నన్ను పిసినారి అంటారు. అంటే అననీ, నాది నా ఇష్టం. ఎవరైనా అడిగితే తలెత్తుకునే చెబుతాను, పెట్టలేదని. మొన్నటి నుంచి నాకు పిసినారితనం చేసినట్టు లేదు. దొంగతనం చేసినట్టుంది. లాండ్రీ షాపాయన పలకరించినా ముఖం చెల్లడం లేదు. అది నాదే అయితే, నేనిచ్చేదే అయితే, ఇవ్వనందుకు ఇంత సిగ్గెందుకు? ఆవిడది ఆవిడ దగ్గర్నుంచి నేను తీసుకున్నాను గనక. ఆ మేనేజర్ గారు డబ్బా లాక్కోవడం అన్నారే, లాక్కున్నది అత్త కాదు. నేను."

"ఆ మేకు కొట్టినప్పుడు గడియ పెడుతున్నాననుకున్నాను వదినా" అంది నాతో. "గడియ లోపలున్న మనిషి చేతిలో ఉంటుంది. ఎప్పుడు తాళమైందో, తాళంచెవి నా జేబులోకి ఎలా వచ్చిందో నాకే తెలియలేదు. పైగా నీళ్ళ సీసా అన్నానే, అది అత్త పరువు కోసం అన్నానో, నా లైన్ పరువు కోసం అన్నానో... అత్త కోసమే అని ఒట్టేసి చెప్పలేను."

అత్త కోసమేలే అని నేను అనొచ్చు. అనలేదు. అబద్ధాలు అప్పటికే ఎక్కువైపోయాయి.

ఆ సాయంత్రమే మేకు మళ్ళీ తలుపు పక్కకి వెళ్ళింది, బిళ్ళ దానికి తగులుకుంది. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదని బిళ్ళక్క లైన్ చివర నిలబడి గట్టిగా చెప్పింది. చెప్పింది సరే, వినేదెవరు? పిల్లలు లేచి, మేకు దగ్గరికి వెళ్ళేముందు ఆవిడ టేబుల్ దగ్గర ఆగి, ముఖం కేసి చూసేవాళ్ళు. ఆవిడ చూడకపోతే ఆవిడ చూసేదాకా నిలబడేవాళ్ళు. "నన్ను చూడకండే! మీ కాళ్ళు మీవే కదా, పొండి!" అని అరిచేది. అరిస్తే ఇంకా బెదిరిపోయి, కూర్చునేవాళ్ళు. తల దించుకుని పని చేసుకుంటే, ఆ వంచిన తల కేసి కూడా చూసేవాళ్ళు. ఒకరోజు మేం వచ్చేసరికి టేబుల్ గోడవైపు తిరిగి ఉంది. అడగడానికి ఇంక అక్కడ ముఖం లేదు. మొదట వీపు దగ్గర కూడా ఆగారు, తరవాత తరవాత మానేశారు. మేనేజర్ చూసి, "ఇదేం పిచ్చి?" అన్నాడు. టార్గెట్ తగ్గలేదు గనక వదిలేశాడు.

లైన్ దారిలో పడింది. అత్త కూడా ఫ్యాక్టరీలో లేచి వెళ్ళొచ్చేది, అందరితో పాటు. ఇంట్లోనే, బిళ్ళక్క ఎదురుగా ఉంటే, అడిగేది. అన్నం కలుపుతూ అడిగేది. బట్టలు మడతపెడుతూ అడిగేది. ఇంట్లో గోడవైపు తిరిగి ఎంతసేపని కూర్చోగలదు? "అత్తా, నన్నడక్కు, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంటే, "ఏమడిగానే?" అని తెల్లముఖం వేసేది. గుర్తుచేస్తే ముసలావిడ చిన్నబుచ్చుకునేది. అందుకని బిళ్ళక్క గుర్తుచెయ్యడం కూడా మానేసింది. ఆవిడ అడిగేలోపే తానే లేచి వంటగదిలోకి వెళ్ళిపోయేది. బిళ్ళక్కకి ఇంక వేరే కోరిక లేదు. అత్త తన కళ్ళముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అడక్కుండా లేచి వెళ్తే చాలు. "అది చూశాకే నాకు నిద్ర పడుతుంది వదినా" అనేది.

మొన్న ఒక సెలవురోజు నేను వాళ్ళింటికి వెళ్ళాను. ముగ్గురం కింద కూర్చుని టీ తాగుతున్నాం. ఎలా వచ్చిందో మాటల్లో మీసాలాయన వచ్చాడు. "ఏదీ, ఆ స్టూలెక్కిన కథ చెప్పవే" అంది అత్త. ఎన్నాళ్ళ తరవాతో బిళ్ళక్క లేచి నిలబడింది, చెవికి చెయ్యి ఆనించింది, లేని మీసం దువ్వింది. "ఏంటమ్మా? ఎక్కడికీ?" అంది. పాత పిల్ల పాత గొంతుతో. అత్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

కథ ఇంకా సగంలో ఉండగానే అత్త మోకాళ్ళ మీద చేతులు ఊనుకుని లేచింది. నవ్వుకుంటూనే పెరటివైపు వెళ్ళిపోయింది. లోపల గడియ పడిన చప్పుడు వినబడింది.

బిళ్ళక్క చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది. "అడగలేదు" అంది నాతో. "చూశావా వదినా, అడగలేదు!" నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, కళ్ళలో నీళ్ళు, ముఖమంతా నవ్వు. నేనూ ఏడ్చేశాను. పెరట్లో మగ్గుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు కూడా మాకప్పుడు పాటలాగే ఉంది.

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా ముఖాలు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ నవ్వు అక్కడే తగ్గిపోయింది.

"మంచి కథ చెబుతున్నావు కదా, మధ్యలో ఎందుకులే అని అడక్కుండా వెళ్ళానమ్మా" అంది. "ఏమనుకోకు. ఇంకోసారి అడిగే వెళ్తాను."

బిళ్ళక్క చెయ్యి నా చేతిలోనే ఉంది. మెల్లగా తీసేసుకుంది. "ఏం లేదత్తా" అంది, అని టీ గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. కుళాయి విప్పిన చప్పుడైంది. ఆ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు.

అత్త నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది: "దానికి కోపమొచ్చిందంటావా?"